పాడుబడ్డ పేటలో చిన్న దుకాణం: పేటకు మేలా, పెట్టినవాళ్లకు చేటా?

కొత్తషట్టర్:
అందరికీ నమస్తే. మేం ఇద్దరం అక్కచెల్లెళ్లం. రిపేరు దుకాణం పెట్టాలనుకుంటున్నాం. ఫ్యాన్లు, కుట్టుమిషన్లు, సైకిళ్లు, ఇంట్లో పాడైన చిన్నాచితకా సామాన్లు బాగుచేసే పని. అక్క చేతిలో పనితనం ఉంది. లెక్కలు చూడటం, మనుషులతో మాట్లాడటం నా వంతు.

ప్రశ్న మేం చూస్తున్న చోటు గురించి. ఊరి పేరు అనవసరం, ఇలాంటి పేట ఎక్కడైనా ఉంటుంది. ఒకప్పుడు అక్కడ ఫ్యాక్టరీ ఉండేది. అది మూతపడ్డాక జీతాలు పోయాయి, జీతాలు పోయాక కొట్లూ పోయాయి. ఇప్పుడు వీధిలో సగానికి పైగా షట్టర్లు దించే ఉన్నాయి. వీధిదీపాలు వెలిగితే వెలిగినట్టు, లేకపోతే లేనట్టు. అద్దె మాత్రం మాకు అందుబాటులో ఉంది.

ఇంట్లోవాళ్లు "పోయి పోయి అక్కడా?" అంటున్నారు. స్నేహితులేమో మేం ఏదో సమాజసేవకు బయల్దేరినట్టు మెచ్చుకుంటున్నారు. మాకు రెండూ నచ్చట్లేదు. పెట్టేది వ్యాపారం, అది నిలబడాలి. దాంతోపాటు వీధి కూడా కొంత కోలుకుంటే సంతోషం. అసలు ఒక చిన్న దుకాణానికి అంత శక్తి ఉంటుందా? ఇలాంటి చోట్ల ఏం జరిగిందో తెలిసినవాళ్లు చెప్పండి.

గోడమీదపిల్లి:
శక్తి సంగతి తర్వాత. ముందు పైకప్పు చూశారా? ఏళ్ల తరబడి మూసి ఉన్న కొట్టు తక్కువ అద్దెకు వచ్చిందంటే, మిగిలిన డబ్బు మేస్త్రీకి పోతుందని అర్థం.

లెక్కలమాస్టారు:
పిల్లిగారు సరదాగా అన్నా విషయం ఉంది. నేను ఇంకో అంకెతో మొదలుపెడతాను. అమెరికా కార్మిక గణాంకాల శాఖ ఏళ్ల తరబడి లెక్క కడుతోంది. కొత్తగా పెట్టిన వ్యాపారాల్లో దాదాపు 20 శాతం మొదటి ఏడాదిలోనే మూతపడతాయి. ఐదేళ్లు తిరిగేసరికి దాదాపు సగం ఉండవు. మంచి వీధులూ చెడ్డ వీధులూ కలిపి వచ్చిన లెక్క ఇది.

అంచేత పేటను లేపడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. మీరు మూసేస్తే ఆ వీధికి ఇంకో దించిన షట్టర్ మిగులుతుంది, "ఇక్కడ ఏదీ నిలబడదు" అనేవాళ్లకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. గిరాకీ అస్సలు లేకపోయినా ఎన్ని నెలలు అద్దె కట్టగలరో ముందు కాగితం మీద రాసుకోండి. పెట్టుబడి అంతా రంగులకీ బోర్డుకీ పోసి, చేతిలో తిరిగే డబ్బు లేక మునిగినవాళ్లే ఎక్కువ.

వీధిఅరుగు:
మాస్టారి మాట నిజమే, కానీ ప్రశ్న సగమే తీరింది. చిన్న దుకాణానికి శక్తి ఉంటుందా అంటే, ఉంటుంది. అది ఎలా పనిచేస్తుందో బాగా చూసి రాసిన మనిషి జేన్ జేకబ్స్. ఆవిడ న్యూయార్క్‌లో హడ్సన్ స్ట్రీట్‌లో ఉండేది. నగర ప్రణాళికలో డిగ్రీలేవీ లేవు. తన వీధిలో పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరు ఎప్పుడు వస్తారో, ఎవరు ఎవరిని గమనిస్తారో చూస్తూ కూర్చుని, 1961లో అచ్చయిన తన పుస్తకంలో నగర నిర్మాణ పండితులందరినీ ఎదిరించింది.

ఆవిడ చెప్పింది ఇది: వీధిని కాపాడేది ముఖ్యంగా పోలీసులు కాదు, వీధి మీద ఉండే కళ్లు. ఆ కళ్లలో దుకాణదారుడివి ముఖ్యమైనవి, ఎందుకంటే వీధి ప్రశాంతంగా ఉండటంలో అతనికి సొంత లాభం ఉంది. ఆవిడ వీధిలో ఊరెళ్లేవాళ్లు ఇంటి తాళంచెవి మూలమీద కొట్లో ఇచ్చి వెళ్లేవారు, వచ్చే చుట్టాలకు ఇవ్వమని. ఆ కొట్టువాడు వాళ్లకు స్నేహితుడేమీ కాదు. నమ్మకస్తుడు, అంతే. ఇంట్లో విషయాల్లో వేలు పెట్టడు, తాళం మాత్రం భద్రంగా ఉంచుతాడు.

రిపేరు దుకాణం దీనికి సరిగ్గా సరిపోతుంది. సామాను కొనేవాడు వచ్చి వెళ్లిపోతాడు. సామాను బాగుచేయించుకునేవాడు ఇవ్వడానికి ఓసారి, తీసుకోవడానికి ఓసారి వస్తాడు. మధ్యలో "అయిందా?" అని అడగడానికి ఇంకో రెండుసార్లు వస్తాడు.

కొత్తషట్టర్:
"అయిందా?" అని అడగడానికి వచ్చేవాళ్లను కూడా లాభంలో వేసుకోవచ్చని తెలియదు అరుగుగారూ. అక్కకు చెప్తే నవ్వింది, "అడగకముందే చేసిపెడతా, అప్పుడేం చేస్తావ్" అని.

రెండోషిఫ్ట్:
అరుగుగారు చెప్పినదానికి చిన్న చేర్పు. కళ్లు ఉండాలంటే దుకాణం తెరిచి ఉండాలి. మీరు పొద్దున పదికి తెరిచి సాయంత్రం ఆరుకు మూస్తే, వీధికి అసలు అవసరమైన టైమ్‌లో మీరు ఉండరు. జేకబ్స్ కూడా ఇదే అంటుంది: ఒక చోటుకు రకరకాల పనుల మీద, రకరకాల వేళల్లో మనుషులు రావాలి. అందరూ ఒకేసారి వచ్చి ఒకేసారి పోతే మిగతా సమయం వీధి చచ్చినట్టే. మీ పేటలో ఫ్యాక్టరీ ఉన్నప్పుడు షిఫ్టు మారిన ప్రతిసారీ జనం కదిలేవారు. ఇప్పుడు ఆ కదలిక లేదు.

మధ్యాహ్నం తెరిచి రాత్రి తొమ్మిదిదాకా ఉంచే పద్ధతి ఆలోచించండి. పనికి వెళ్లొచ్చేవాళ్లు మీ దగ్గరకు రాగలిగేది సాయంత్రమే కదా. షట్టర్ బయట, మీ మీటర్ మీదే, ఒక మంచి లైటు పెట్టండి. మున్సిపాలిటీ దీపం వెలిగేదాకా ఆగకండి. ముందు కూర్చోవడానికి ఒక బల్ల కూడా వేయండి. విలియం వైట్ అనే ఆయన న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి, మనుషులు ఎక్కడ ఆగుతారో ఏళ్ల తరబడి చూశాడు. 1980లో ఆయన తేల్చింది వింటే ఇంతేనా అనిపిస్తుంది: కూర్చోవడానికి చోటు ఉన్నచోట మనుషులు కూర్చుంటారు, మనుషులు ఉన్నచోటుకు ఇంకా మనుషులు వస్తారు.

గోడమీదపిల్లి:
రాత్రి తొమ్మిదిదాకా, వెలుతురు లేని వీధిలో, ఇద్దరు ఆడపిల్లలు. సలహా ఇవ్వడం తేలికే షిఫ్ట్‌గారూ.

రెండోషిఫ్ట్:
న్యాయమే. మొదటిరోజు నుంచీ అనలేదు. పక్కన ఇంకో కొట్టు తెరిచి ఉండే వేళ ఏదో చూసుకుని, దానితో కలిసి మూయండి. ఇద్దరు తెరిచి ఉంచితే మూడోవాడికీ ధైర్యం వస్తుంది.

ఖాళీకొట్టు:
ఈ చర్చలోకి ఆస్ట్రేలియా న్యూకాజిల్‌ని తేకుండా ఉండలేను. నాకు చాలా ఇష్టమైన కథ, కొంచెం పొడుగు, ఓర్చుకోండి.

అది ఉక్కు, బొగ్గు మీద బతికిన ఊరు. 1989 డిసెంబర్‌లో భూకంపం వచ్చి 13 మంది పోయారు, ఊరి మధ్య కట్టడాలు దెబ్బతిన్నాయి. 1999లో ఉక్కు కర్మాగారం మూతపడింది. షాపింగ్ అంతా ఊరి బయట మాల్స్‌కి వెళ్లిపోయింది. ముఖ్య వీధి హంటర్ స్ట్రీట్ మీద కొట్టు తర్వాత కొట్టు మూతపడింది. మార్కస్ వెస్ట్‌బరీ అనే ఆయనది ఆ ఊరే. ఓసారి వచ్చి నడుస్తూ లెక్కపెడితే ఊరి నడిబొడ్డున దాదాపు 150 ఖాళీ కట్టడాలు తేలాయి.

ఇన్ని ఖాళీగా ఉంటే అద్దె తగ్గాలి కదా? తగ్గలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇక్కడే ఉంది. ఓనర్‌కు కొట్టు ఖాళీగా ఉండటం కంటే తక్కువ అద్దెకు ఎక్కువ కాలం ఇవ్వడమే భయం. తక్కువ అద్దె కాగితం మీదకు ఎక్కితే ఆస్తి విలువ కూడా ఆ లెక్కనే కడతారు. రేపు మంచి బేరం వస్తే ఉన్నవాడిని లేపడం కష్టం. అందుకని తాళం వేసి కూర్చుంటాడు.

వెస్ట్‌బరీ 2008లో ఒక సంస్థ పెట్టి, ఓనర్లను లీజు అడగడం మానేశాడు. ముప్పై రోజుల లైసెన్స్, అంటే వాడుకునే అనుమతి మాత్రమే అడిగాడు, నెలనెలా పొడిగించేలా. అద్దె ఉండదు. వాడుకునేవాళ్లు శుభ్రం చేసి, బాగుచేసి, తెరిచి ఉంచాలి. అద్దె కట్టేవాడు దొరికితే ముప్పై రోజుల నోటీసుతో ఖాళీ చేయాలి. ఓనర్ భయం పోయింది, తాళాలు తెరుచుకున్నాయి. చేతిపనులవాళ్లు, నగలు చేసేవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు వచ్చి కూర్చున్నారు. యాత్రికులకు గైడ్ పుస్తకాలు వేసే లోన్లీ ప్లానెట్ సంస్థ, 2011కి ప్రపంచంలో చూడాల్సిన పది నగరాల జాబితాలో ఆ ఊరిని చేర్చింది.

కొత్తషట్టర్‌గారూ, మీ వీధిలో ఓనర్లు ఎందుకు ఖాళీగా ఉంచారో కనుక్కోండి. కారణం తెలిస్తే సగం బేరం అయిపోయినట్టే.

లెక్కలమాస్టారు:
కథ బాగుంది కానీ, ముప్పై రోజుల నోటీసు మీద రిపేరు దుకాణం పెట్టమంటారా? బొమ్మలు వేసేవాడు బొమ్మలు చంకన పెట్టుకుని వెళ్లిపోతాడు. వీళ్లకు పనిబల్ల, మిషన్లు, కరెంటు వైరింగ్, విడిభాగాల అరలు ఉంటాయి. అన్నిటినీ మించి చిరునామా ఉంటుంది. ఫ్యాన్ ఇచ్చి వెళ్లినవాడు తిరిగొచ్చేసరికి దుకాణం అక్కడ లేకపోతే ఎంత గొడవ!

ఖాళీకొట్టు:
ఒప్పుకుంటాను మాస్టారూ. ఆ పద్ధతి పెద్ద పెట్టుబడి పెట్టేవాళ్లకు కాదు. అయితే మొదటి రెండుమూడు నెలలు అలా తీసుకుని గిరాకీ చూసుకుని, ఆ తర్వాత లీజు రాయించుకోవచ్చు కదా.

ముప్పైఏళ్లకొట్టు:
అమ్మా, ఆ పని చేయకండి. నేను ముప్పై ఏళ్లకు పైగా కొట్టు నడుపుతున్నవాణ్ణి, నా మాట వినండి. గిరాకీ చూసుకున్నాక లీజు అంటే, గిరాకీ ఓనర్ కూడా చూశాక లీజు అని అర్థం. అప్పుడు అద్దె ఎంతో ఆయనే చెప్తాడు, మీరు తలూపాలి.

నాకు జరిగిందే చెప్తాను. పాత చోట, ఎవరూ రాని సందులో పెట్టాను. నోటిమాట మీద అద్దె, ఓనర్ మంచివాడే. వ్యాపారం అందుకుంది, అటూ ఇటూ ఇంకో నాలుగు కొట్లు వచ్చాయి. ఆ పెద్దాయన పోయాక కొడుకు వచ్చి, పక్క కొట్లు చూపించి, "వీళ్లంతా ఇంత ఇస్తున్నారు, మీరూ ఇవ్వండి" అన్నాడు. ఆ పక్క కొట్లు రావడానికి కారణం నా కొట్టే అని ఎవరితో చెప్పుకోను? కట్టాను కొన్నాళ్లు, తర్వాత సామాను సర్దుకున్నాను.

కాబట్టి బేరానికి మీకు బలం ఉండేది ఇప్పుడే, ఆ వీధిలోకి ఎవరూ రానప్పుడే. లీజు కనీసం ఐదేళ్లకు అడగండి. ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు పొడిగించుకునే హక్కు మీ చేతిలో ఉండాలి, ఓనర్ దయమీద కాదు. ఏటా ఎంత శాతం పెంచుతారో ఇప్పుడే అంకె వేయించండి. "మార్కెట్ రేటు ప్రకారం" అనే మాట కనబడితే పెన్ను కింద పెట్టేయండి. ఆస్తి అమ్మినా, వారసులకు పోయినా ఒప్పందం కొనసాగుతుందని రాయించాలి. పైకప్పు, గోడలు, డ్రైనేజీ ఆయన ఖర్చు. లోపల మీరు చేయించే పనికి బదులుగా మొదటి కొన్ని నెలల అద్దె మాఫీ అడగండి, మూసి ఉన్న కొట్టుకు చాలామంది ఒప్పుకుంటారు. కాగితం మీ చోట చెల్లాలంటే ఏ పద్ధతిలో రాయాలో లాయర్‌ని అడగండి, ఆ ఫీజుకు మాత్రం వెనకాడకండి.

అద్దెఇల్లు:
ఈ పెద్దాయన చెప్పింది ప్రపంచమంతా జరిగే కథ. న్యూయార్క్ యూనియన్ స్క్వేర్ ఒకప్పుడు మత్తుమందుల బేరాలకు పేరుపడ్డ పార్కు. 1976లో అక్కడ రైతుల సంత మొదలైంది. 1985లో డానీ మేయర్ అనే కుర్రాడు ఆ పక్క వీధిలో యూనియన్ స్క్వేర్ కెఫే తెరిచాడు. అప్పటికి అతని వయసు 27. ఆ చుట్టుపక్కల చవక అద్దె చూసుకుని వచ్చినవాడే. తర్వాత ఆ ప్రాంతం ఎంతగా మారిందంటే, ముప్పై ఏళ్ల తర్వాత 2015 చివర్లో పెరిగిన అద్దె కట్టలేక అదే కెఫే ఆ చోటు వదిలింది. అప్పటికి ఆయన పెద్ద వ్యాపారవేత్త, కాబట్టి మరుసటి ఏడాది దగ్గర్లోనే ఇంకో చోట తెరవగలిగాడు. మామూలు కొట్టువాడికి ఆ అవకాశం ఉండదు.

పైగా మనం కొట్ల గురించే మాట్లాడుతున్నాం. పైఅంతస్తుల్లో అద్దెకు ఉండేవాళ్ల సంగతేంటి? లండన్‌లో పనివాళ్ల పేటల్లోకి డబ్బున్నవాళ్లు వచ్చి పాతవాళ్లు ఎలా వెళ్లిపోయారో రూత్ గ్లాస్ 1964లోనే రాసింది. పేట "లేచింది" అంటారు. లేచిన పేటలో పాతవాళ్లు ఉన్నారా అని ఎవరూ అడగరు.

గోడమీదపిల్లి:
అంటే ఏం చేయమంటారు? పేట బాగుపడకూడదనా? షట్టర్లు దించే ఉంచాలా?

ఇంకో అనుమానం. యూనియన్ స్క్వేర్ పార్కును 1980లలో ప్రభుత్వమే బాగుచేయించింది. సంత వల్ల మారిందా, కెఫే వల్ల మారిందా, పార్కు వల్ల మారిందా, ఊరు మొత్తం కోలుకుంటుంటే అదీ కోలుకుందా? ఎవరికి వారు మా వల్లే అంటారు.

అద్దెఇల్లు:
బాగుపడొద్దని నేననలేదు. ఎవరికి బాగుపడుతుందో ముందే అడగమంటున్నా. రెండో మాటకు జవాబు లేదు, మీరన్నది నిజమే. ఒక్క కొట్టు వల్ల వీధి మారిందని ఎవరైనా అంటే నేనూ నమ్మను.

పట్నంప్లాను:
నగర ప్రణాళిక నా వృత్తి కాబట్టి రెండు ముక్కలు. ఒక్క కొట్టు సరిపోదన్నది నిజం. వీధి ఎక్కడ నిలబడిందీ అంటే కొట్లవాళ్లు కలిసినచోట. టొరంటోలో బ్లోర్ వెస్ట్ విలేజ్ చూడండి. 1960లలో భూగర్భ రైలు వచ్చింది. ట్రామ్‌లో వీధి మీద వెళ్లే జనం భూమి కిందకు పోయారు, ఇంకోపక్క మాల్స్ లాగేశాయి. వ్యాపారులు స్వచ్ఛందంగా చందాలు వేసుకుంటే కొందరే ఇచ్చారు, లాభం అందరూ పొందారు. అప్పుడు వాళ్లే అడిగి, ఆ వీధి వ్యాపారులందరూ కట్టక తప్పని చిన్న పన్ను వేయించుకున్నారు. 1970లో మొదలైన ఆ ఏర్పాటు ప్రపంచంలో అలాంటి వాటిలో మొదటిది. ఆ డబ్బుతో దీపాలు, చెట్లు, బల్లలు వచ్చాయి. ఇప్పుడు ఈ పద్ధతి ఎన్నో దేశాల్లో ఉంది.

అద్దెల గోలకు కూడా మందు వెతికినవాళ్లున్నారు. పారిస్‌లో నగరపాలక సంస్థ 2004 నుంచి కొన్ని పేటల్లో కింది అంతస్తు కొట్లు అమ్మకానికి వస్తే తానే ముందుగా కొనే హక్కు వాడుకుంది. తన సంస్థ ద్వారా కొని, బాగుచేసి, చిన్న వ్యాపారులకే అద్దెకిచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో 2015లో ఓటు పెట్టి, ముప్పై ఏళ్లు దాటిన పాత వ్యాపారాలకు డబ్బు సాయం మొదలుపెట్టింది. ఆ పథకంలో పాత కొట్టుకు పదేళ్ల లీజు ఇచ్చే ఓనర్‌కు కూడా సాయం ఉంది. ఓనర్‌ను తిట్టడం కంటే ఇది తెలివైన పని అని నా అభిప్రాయం.

అద్దెఇల్లు:
ఆ వ్యాపారుల సంఘాలు ఏర్పడగానే చేసే మొదటి పని తోపుడుబండ్లవాళ్లను తరిమేయడం. "అందంగా" ఉండాలి కదా. ఆ సంగతి కూడా చెప్పండి.

పట్నంప్లాను:
కొన్నిచోట్ల జరిగింది, కాదనను. ప్రతిచోటా కాదు. మీకు ప్రతి మంచి పనిలోనూ కుట్ర కనబడితే నేనేం చేయలేను.

అద్దెఇల్లు:
బండి పోయినవాడిని అడిగితే కుట్రో కాదో చెప్తాడు.

నిర్వాహకులు:
ఇద్దరూ కొంచెం తగ్గండి. అడిగినవాళ్ల ప్రశ్న వేరు.

ఇస్త్రీపెట్టె:
ఇంతసేపూ చదువుతున్నాను. మీరంతా "పాడుబడ్డ పేట" అంటున్నదాంట్లోనే నేను పుట్టి పెరిగాను, ఇప్పటికీ అలాంటి చోటే ఉంటున్నాను. కాబట్టి కొంచెం గట్టిగానే రాస్తాను, ఏమనుకోకండి.

షట్టర్లు దించి ఉన్నాయంటే వ్యాపారం లేదని కాదు. మా దగ్గర ఇళ్లల్లో కుట్టేవాళ్లున్నారు, ఇస్త్రీ చేసేవాళ్లున్నారు, చెట్టుకింద సైకిళ్లు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. బోర్డు లేదు కాబట్టి బయటివాళ్లకు కనబడరు. మీ వీధిలో కూడా ఇలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు. కొత్తషట్టర్, మీ దుకాణం తెరవగానే మొదట దెబ్బతినేది ఆ ముసలాయనే. ఆయనకు పేట కోలుకోవడమంటే తన పొట్ట మీద కొట్టడం. ముందు ఆయనతో మాట్లాడు. ఆయనకు తెలిసినంత పనీ, ఆయన్ని నమ్మినంతమంది జనమూ నీకు రావాలంటే ఏళ్లు పడుతుంది. కలుపుకుంటే ఇద్దరికీ మంచిది.

రెండోది, పని నేర్చుకోవడానికి మా పిల్లల్నే పెట్టుకో. బయటినుంచి తెచ్చినవాడు ఆరింటికి వెళ్లిపోతాడు. పేట పిల్లాడు లోపల ఉంటే దుకాణం జోలికి ఎవరూ రారు, అది ఏ కెమెరా చేయని పని.

మూడోది, మాకు ఏం కావాలో అడగడానికి ఇంటింటికీ తిరగండి, ముఖ్యంగా మధ్యాహ్నం పూట. అప్పుడు ఇళ్లల్లో ఆడవాళ్లుంటారు, ఏ వస్తువు మూలన పడి ఉందో వాళ్లకే తెలుసు.

వీధిఅరుగు:
ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. జేకబ్స్ బతికుంటే ఇస్త్రీపెట్టెగారినే అడిగేది, మనల్ని కాదు.

లెక్కలమాస్టారు:
పేట పిల్లల్ని పెట్టుకోవడం గురించి ఒక లెక్క. 2004లో షికాగో ఆండర్సన్‌విల్ పేటలో ఒక అధ్యయనం చేశారు. స్థానిక కొట్లో 100 డాలర్లు ఖర్చుపెడితే 68 డాలర్లు ఆ ఊరి ఆర్థికంలోనే తిరిగాయి, పెద్ద చైన్ దుకాణంలో ఖర్చుపెడితే 43 తిరిగాయి. ఆ అధ్యయనాన్ని చేయించింది ఆ పేట అభివృద్ధి సంస్థే కాబట్టి ఒక పిసరు తగ్గించి చదువుకోవచ్చు. కానీ దిశ మాత్రం సరైనదే. కారణాలు తెలిసినవే: జీతాలు అక్కడివాళ్లకు వెళ్తాయి, లాభం ఓనర్ దగ్గర అక్కడే ఉంటుంది, సరుకూ పనులూ కొంత పక్కవాళ్ల దగ్గర తీసుకుంటారు.

రిపేరు పనికి ఇది ఇంకా బాగా వర్తిస్తుంది. కొత్త ఫ్యాన్ కొంటే ఇచ్చిన డబ్బులో ఎక్కువభాగం ఎక్కడో ఉన్న కంపెనీకి పోతుంది. పాత ఫ్యాన్ బాగుచేస్తే విడిభాగం చిన్న ఖర్చు, మిగిలింది చేతికూలి. ఆ కూలి తీసుకున్నవాడు పేటలో ఉంటే డబ్బు పేటలోనే ఇంకో చేయి మారుతుంది.

ముప్పైఏళ్లకొట్టు:
మాస్టారు లెక్క చెప్పారు, నేను అరువు సంగతి చెప్తా. ఇలాంటి పేటలో అరువు అడగనివాళ్లుండరు. అందరికీ ఇస్తే మూడు నెలల్లో మూసేస్తారు, ఎవరికీ ఇవ్వకపోతే ఎవరూ రారు. రిపేరులో మీకో సౌకర్యం ఉంది: వస్తువు మీ దగ్గరే ఉంటుంది. అందుకని డబ్బు విడతలుగా తీసుకోండి, వస్తువు మాత్రం సగం ముట్టాకే ఇవ్వండి. పాత బాకీ తీరకుండా కొత్త పని పట్టుకోకండి. ఈ నియమం చుట్టానికైనా మార్చకూడదు. మొహమాటపడితే డబ్బుతో పాటు కస్టమర్ కూడా పోతాడు. బాకీ ఉన్నవాడు మొహం చాటేస్తాడు, ఇంకో కొట్టుకు వెళ్తాడు.

ఎవరూ తీసుకెళ్లని సామాన్లు కూడా పేరుకుంటాయి. ఎన్ని నెలలు ఉంచుతారో రసీదు మీదే అచ్చు వేయించండి.

రెండోషిఫ్ట్:
ఇంకోటి మర్చిపోయాను. మీ కొట్టు పక్కన ఖాళీ స్థలం ఏదైనా ఉందా, చెత్త వేసేది? ఉంటే దాని సంగతి ముందు చూడండి. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలు తీసుకుని, లాటరీ తీసినట్టు కొన్నిటిని బాగుచేసి కొన్నిటిని వదిలేసి పోల్చిచూశారు. చేసిన పని చాలా చిన్నది: చెత్త తీశారు, గడ్డి, కాసిన్ని చెట్లు వేశారు, చుట్టూ ఎత్తులేని చెక్క కంచె కట్టారు. 2018లో ఫలితాలు వచ్చాయి. బాగా పేద పేటల్లో తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయి. పిల్లిగారడిగిన "దేనివల్ల మారింది" అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబుంది, పోల్చడానికి రెండో గుంపు ఉంది కాబట్టి.

గోడమీదపిల్లి:
సరే, దీనికి ఒప్పుకుంటా. చీపురు కొనండి.

కొత్తషట్టర్:
మీరంతా ఇంత ఓపిగ్గా రాశారు, ధన్యవాదాలు. ఈలోగా కొంత తిరిగాం, అది చెప్తాను.

ఇస్త్రీపెట్టె అక్కా, మీరన్నట్టే ఉన్నాడు. చెట్టుకింద కాదు, పాత ఫ్యాక్టరీ గోడ పక్కన. సైకిళ్లు, పంపులు బాగుచేస్తాడు. మొదట ముభావంగా ఉన్నాడు. అక్క ఆయన పక్కన కూర్చుని ఒక పంపు విప్పేసరికి మాట కలిసింది. వానకు తడవకుండా పని చేసుకునే చోటు ఉంటే బాగుండు అన్నాడు. మా కొట్లో ముందుభాగం ఆయనకు ఇచ్చి, సైకిళ్లు పూర్తిగా ఆయనకే వదిలేయాలని అనుకుంటున్నాం. సైకిళ్ల డబ్బు ఆయనది. కరెంటు, అద్దెలో కొంచెం వాటా ఇస్తానని ఆయనే అన్నాడు.

ఖాళీకొట్టుగారూ, ఓనర్ ఎందుకు మూసి ఉంచాడో అడిగాం. కారణం అద్దె కాదు. అన్నదమ్ముల మధ్య ఆస్తి పంచుకోలేదు, ఒకరు సంతకం పెడితే ఇంకొకరు ఒప్పుకోరు. ఇప్పుడు ఇద్దరూ దారికొచ్చినట్టున్నారు. పెద్దాయన చెప్పినవన్నీ అడిగాం. ఐదేళ్లకు సరే అన్నారు, ఏటా పెంపు అంకెకు కూడా సరే. తర్వాతి ఐదేళ్ల హక్కు దగ్గర మాత్రం "అప్పుడు చూద్దాంలే" అంటున్నారు.

ముప్పైఏళ్లకొట్టు:
అమ్మా, అన్నదమ్ములిద్దరి సంతకాలూ లేకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఒకడి దగ్గర తీసుకున్న కొట్టును రెండోవాడు వచ్చి ఖాళీ చేయించిన కేసులు చూశాను. "అప్పుడు చూద్దాంలే" అంటే కుదరదు. ఒప్పుకోకపోతే పెంపు శాతం ఇంకొంచెం ఎక్కువ ఇస్తామనండి, హక్కు మాత్రం వదలకండి. మీరు బాగుచేసిన వీధి లాభం ఆ రెండో ఐదేళ్లలోనే వస్తుంది.

అద్దెఇల్లు:
పెద్దాయనతో ఏకీభవిస్తున్నాను. సైకిలాయన వాటా కూడా నోటిమాట మీద వదలకండి. రేపు మీ కొట్టు బాగా నడిచి ముందుభాగం మీకే కావాలనిపిస్తే, అప్పుడు ఓనర్ స్థానంలో మీరుంటారు. ఆయనకు ఎన్ని నెలల నోటీసు ఇస్తారో ఇప్పుడే రాసి ఇవ్వండి.

కొత్తషట్టర్:
ఇది తట్టలేదు. రాసిస్తాం. మేం ఓనర్ దగ్గర ఏం అడుగుతున్నామో అదే ఆయనకూ.

గోడమీదపిల్లి:
పైకప్పు చూశారా లేదా?

కొత్తషట్టర్:
చూశాం. ఓ మూల కారుతోంది. ఓనర్ ఖర్చు కింద రాయించాం.

లెక్కలమాస్టారు:
సంతకాలకు ముందు కరెంటు మీటర్ ఎవరి పేరు మీద ఉందో, పాత బకాయి ఎంతుందో కూడా ఆఫీసుకు వెళ్లి కనుక్కోండి. ఏళ్ల తరబడి మూసి ఉన్న కొట్టు కాబట్టి బకాయి ఉండే అవకాశమే ఎక్కువ. అది మీ మెడకు చుట్టుకోకుండా ఒప్పందంలో ఒక వాక్యం వేయించండి. నీటి పన్ను ఉంటే అదీ అంతే.